వేళ్లకని రాసిన మాత్ర

సిమిలిగుడ చలి గురించి మైదానపు వాళ్లకి చెబితే నమ్మరు. విశాఖలో రైలెక్కి, అరకు దాటి, ప్రతి సొరంగానికీ కేకలు పెట్టే పిల్లల మధ్య కూర్చుని కొండెక్కి వచ్చినవాళ్లు, ఒరిస్సా అంటే ఎండలే కదా అని పల్చటి చొక్కాతో దిగుతారు. మర్నాడు పొద్దున్నే ఉన్ని మఫ్లరు బేరమాడుతూ కనిపిస్తారు. కార్తీకం దాటితే చాలు, దేవమాలి కొండ వైపు నుంచి దిగిన మంచు బడ్డీకొట్ల రేకుల మీద కూర్చుని, బాగా పొద్దెక్కినా లేవదు. అల్లం బస్తాల పక్కన దేశియా మాట్లాడే కొండజాతి ఆడవాళ్లు చితుకులు రాజేసుకుని ఆ పొగలోనే బేరాలు చేస్తారు.

విజయరత్నానికి చలి కొత్త కాదు. ఉద్యోగమంతా మాచ్‌ఖండ్‌లో చేసినవాడు. అక్కడి జలవిద్యుత్ ప్రాజెక్టు ఆఫీసులో డిస్పాచ్ గుమాస్తా. పవర్‌హౌస్‌కి దిగాలంటే కొండవాలున వేసిన పట్టాల మీద, ఇనప తాడుకి కట్టిన ట్రాలీలో కూర్చుని దిగాలి. అలా దిగేవాళ్లలో పాటలు పాడేవాళ్లుండేవారు, కళ్లు గట్టిగా మూసుకునేవాళ్లుండేవారు. ఆ తాడుకి తనిఖీ అయినట్టు ముద్ర పడిందా లేదా అని అడిగి ఎక్కేవాడు మాత్రం విజయరత్నం ఒక్కడే. అలాంటి మనిషి. ముద్ర పడిన కాయితం మీద ఉన్నదే ఉన్నట్టు, లేనిది లేనట్టు. పెళ్లి ఎందుకు చేసుకోలేదంటే చెప్పడానికి పెద్ద కథేమీ లేదు. తల్లికి చూపు పోయింది, చూసుకున్నాడు. తల్లి పోయేసరికి తల నెరిసింది. అంతే.

రిటైరయ్యాక ఎక్కడికెళ్లాలి? పార్వతీపురం దగ్గర తాతలనాటి ఊరుంది గానీ అక్కడ తన మొహం గుర్తుపట్టేవాళ్లు లేరు. సిమిలిగుడలో గది అద్దెకి తీసుకున్నాడు. కారణం సాంసన్. మాచ్‌ఖండ్ ఆఫీసులో పక్క కుర్చీ. సాంసన్ కొడుకు క్లెమెంట్‌కి సునాబెడ ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తే ఆ కుటుంబం అక్కడి క్వార్టర్లలో చేరింది. సిమిలిగుడ నుంచి సునాబెడకి షేర్ ఆటోలో కాళ్లు ముడుచుకుని కూర్చుంటే, అవి తిమ్మిరెక్కేలోపే దిగిపోవచ్చు. ఆదివారం సునాబెడ చర్చిలో తెలుగు ఆరాధన, ఆరాధన అయ్యాక సాంసన్ ఇంట్లో భోజనం. సాంసన్ పోయినా ఆ భోజనం ఆగలేదు. రమ్మని ప్రత్యేకంగా ఎవరూ అనేవారు కాదు. కంచం పెట్టేవారు, కూర్చునేవాడు.

సాంసన్ భార్య దొర్కాని వదినా అనేవాడు. ఆవిడ మరిదీ అనేది. మన వైపు వదినామరుదుల మధ్య ఎకసెక్కాలు ఉప్పూకారం లాంటివి కదా, పక్కవాళ్లు పట్టించుకోరు.

"ఏటి మరిదీ, ఈ వారం కూడా ఆ సొక్కాయేనా? ఇస్త్రీ చేసేదాన్ని తెచ్చుకోకపోయేవా?"

"నువ్వే సూడు వదినా. తెల్లగా, పొడుగ్గా, గొంతున్నదాన్ని."

"గొంతుంటే మొదటి తిట్టు నీకే."

క్లెమెంట్ నవ్వేవాడు, కోడలు ఫ్లోరా మజ్జిగ పోస్తూ నవ్వేది. వారమంతా విజయరత్నం మాట్లాడే మాటలు ఇంచుమించు ఇవే. మిగతా రోజుల్లో మాటంటే కూరగాయల బేరం, పాలవాడి పలకరింపు. కొన్ని రోజులు అదీ ఉండేది కాదు. ఏదో పాట కూనిరాగం తీయబోయి, గొంతు బొంగురుగా పలికితేనే, అయ్యో, పొద్దుట్నుంచీ నోరే విప్పలేదు కదా అనుకునేవాడు.

వేళ్ల సంగతి ఇలా మొదలైంది. ఒక పొద్దున్న కుళాయి దగ్గర చెంబు తోముతుంటే కుడిచేతి రెండు వేళ్ల కొసలు సుద్దముక్కల్లా తెల్లబడ్డాయి. గిల్లితే నొప్పి లేదు. కాసేపటికి నీలంగా మారాయి. పొయ్యి దగ్గర పెడితే ఎర్రబడి, కారం రాసినట్టు మండాయి. తెలుపు, నీలం, ఎరుపు. ఈ జబ్బుకి పేరిచ్చిన వైద్యుడు రేనాడ్ అనే ఫ్రెంచివాడు. ఆయన దేశపు జెండా రంగులూ అవే. ఆయన దాన్ని గమనించి నవ్వుకున్నాడో లేదో పుస్తకాలు చెప్పవు. విజయరత్నానికి మాత్రం నవ్వు రాలేదు. చలి పెరిగేకొద్దీ చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైంది, తాళంచెవి జారిపోయేది.

కోరాపుట్ పెద్దాసుపత్రిలో డాక్టర్ సుభశ్రీ అనే చిన్నవయసు ఆవిడ చూసింది. పరీక్షలన్నీ చేయించింది. మొదట ఒక మందు రాస్తే కాళ్లు వాచి, కళ్లు తిరిగాయి. అది మానిపించి ఇంకోటి రాసింది. ఒడియా కలిసిన హిందీలో నెమ్మదిగానే చెప్పింది.

"చలి తగలగానే మీ వేళ్లలో రక్తనాళాలు బిగుసుకుపోతున్నాయి. ఈ మాత్ర వాటిని తెరుస్తుంది. ఇది అసలు వేరే పనికి వచ్చిన మందు. కంపెనీవాళ్లు ఆ పని గురించే రాస్తారు, మీరు పట్టించుకోకండి. గుండెనొప్పికి నాలిక కింద పెట్టుకునే మాత్రలేవీ వాడట్లేదు కదా?"

"లేదమ్మా."

ఏ పనికి వచ్చిన మందు అని అడగలేదు. ఆఫీసరు ఒకసారి చెప్పినదాన్ని రెండోసారి అడగకూడదన్నది నలభై ఏళ్ల అలవాటు. కోరాపుట్ మందులషాపువాడు పెట్టె ఉంచేసుకుని అట్ట మాత్రం ఇచ్చాడు. మందు వివరాల కాయితం పెట్టెలోనే ఉండిపోయింది.

ఇక్కడ ఆ చర్చి సంఘం వాళ్ల ఆచారమొకటి చెప్పాలి. ఎవరికైనా కొత్త మందు రాస్తే, మొదటి మాత్ర మింగేముందు దాన్ని గురువారాలు ఎవరో ఒకరి ఇంట్లో పెట్టుకునే గృహకూటానికి తీసుకెళ్లి బైబిలు పక్కన పెడతారు. మందు పేరు పైకి చదివి, పేరుపెట్టి ప్రార్థిస్తారు. పేరు లేకుండా ఏదీ అడగకూడదని వాళ్ల పట్టింపు. ఇది మలేరియా రోజుల నుంచి వస్తోందంటారు. కొండల్లో పనికి వచ్చిన తాతలు చేదుమాత్రలంటే భయపడి ఉమ్మేసేవారట. ప్రార్థన చేసిన మాత్రని ఉమ్మేయడానికి భయపడేవారట. షుగరు మాత్రలు, కీళ్లనొప్పుల తైలాలు, ఒకసారి ఎవరిదో విరేచనాల మందు కూడా ఆ బల్ల మీద గౌరవంగా కూర్చున్నాయి.

ఆ గురువారం కూటం క్లెమెంట్ ఇంట్లోనే. విజయరత్నం అట్టని జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఫ్లోరా బడిలో టీచరు, ఇంగ్లీషు బాగా చదువుతుంది. అట్ట వెలుగుకి తిప్పి అక్షరం అక్షరం పలికింది. "సిల్... డెన... ఫిల్."

క్లెమెంట్ కళ్లు మూసుకున్నాడు. ప్రార్థనలో అతనికి మంచి ధాటి.

"ప్రభువా! ఈ సిల్డెనఫిల్ మాత్రలో నీ శక్తి నింపు! మా సిన్నాన్నకి మునుపటి బలం దయచెయ్యి! ఈ వయసులో ఆయన సిగ్గుపడకుండా..."

చెయ్యి చాపి అందరికీ కరచాలనం చెయ్యగలిగేలా అనబోయాడు. అక్కడిదాకా రానియ్యలేదు. వెనక వరసలో ఎవరో ఫోనులో ఆ పేరు కొట్టి చూశారు. ముందు ఒక ముక్కుతో నవ్వు, తర్వాత దగ్గులాంటి నవ్వు, ఆపైన ఆడవాళ్ల వైపు కొంగులు నోటికి వెళ్లాయి. క్లెమెంట్ కళ్లు తెరవకుండానే ఆమెన్ అన్నాడు. కొందరు ఆమెన్ అనలేక బయటికి పరిగెత్తారు.

విజయరత్నానికి ఏమీ అర్థం కాలేదు. వేళ్లు తెల్లబడితే నవ్వుతారా అనుకున్నాడు. మాత్ర మింగాడు. వారం తిరిగేసరికి వేళ్లు తేటగా, మనిషి వేళ్లలా ఉన్నాయి. ప్రార్థన వినబడిందనుకున్నాడు.

అట్ట అయిపోయాక సిమిలిగుడలోనే గౌరీశంకర్ మందులకొట్టుకి వెళ్లాడు. ఒడియావాడైనా గౌరీశంకర్ తెలుగు ముక్కలు బాగా దొర్లిస్తాడు, బాబాయ్ అనడానికి మాత్రం మౌసా అనే అంటాడు.

"మౌసా! నువ్వా?" అట్ట చూసి కౌంటరు మీద మోచేతులు ఆన్చాడు. "ఎవరికి ఇది?"

"నాకే."

"నీకా! ఇది ఏటో నీకు తెలీదా? మొగుడూ పెళ్లాల మందు."

"నాకు పెళ్లాం లేదు కదరా."

"అదే కదా మౌసా, సునాబెడ నుంచి ఇక్కడిదాకా అందరూ అడుగుతున్నది!"

పెట్టె విప్పి లోపలి కాయితం తీసి చూపించాడు. విజయరత్నం కళ్లజోడు సర్దుకుని కొట్టు ముందే నిలబడి చదివాడు. మొదటినుంచి చివరిదాకా, మళ్లీ చివరినుంచి మొదటిదాకా. వేళ్ల మాట ఎక్కడా లేదు. ఉన్న మాట, మగవాళ్ల పటుత్వం మాట, మాత్రం అచ్చక్షరాల్లో ఉంది.

నిజానికి ఈ మాత్రకి ఆ పనీ మొదటిది కాదు. దాన్ని గుండెనొప్పికని తయారుచేశారు. గుండెకి పెద్దగా ఉపయోగపడలేదు గానీ, పరీక్షలకి వచ్చిన మగవాళ్లు ఇంకేదో మార్పు చెప్పారు. ఆ మార్పుని పట్టుకుని కంపెనీ లోకమంతా అమ్మింది. జ్వరానికి పుట్టిన ఆస్పిరిన్ ఇవాళ గుండెజబ్బువాళ్ల జేబుల్లో ఉంటోంది. దిగులుకి పుట్టిన మాత్రని నరాలనొప్పికి రాస్తున్నారు. మందులు ఇలా ఇల్లు మారుతూనే ఉంటాయి. కానీ సిమిలిగుడ సెంటర్లో, మెడచుట్టూ మఫ్లరుతో నిలబడిన పెళ్లికాని ముసలాయనకి ఈ చరిత్ర ఎవరు చెబుతారు? చెప్పినా అది విని అతన్ని ఎవరు నమ్ముతారు?

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక క్లెమెంట్ గేటు దగ్గరే ఎదురొచ్చాడు. "సిన్నాన్నా, ఇయ్యాల మేం దామన్‌జోడి ఎల్తన్నాం. ఫ్లోరా వాళ్ల అక్క పిలిచింది."

"ఎల్లండి నాయనా."

పై ఆదివారం ఒంట్లో బాగోలేదన్నాడు. ఆ పై ఆదివారం ఏమీ చెప్పకుండా స్కూటరు తీశాడు. విజయరత్నం హేండిల్ పట్టుకున్నాడు.

"క్లెమెంటూ, అది వేళ్లకిరా. డాక్టరమ్మ వేళ్లకి రాసింది."

"సిన్నాన్నా, రోడ్డుమీద వద్దు."

"మానేస్తాన్రా. ఇయ్యాల్టి నుంచే మానేస్తాను."

క్లెమెంట్ చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు. "మానేస్తావా? అంటే ఇన్నాళ్లూ మింగేవనే కదా. ఫ్యాక్టరీలో నన్నేటంటన్నారో తెలుసా? మీ సిన్నాన్నకి బలం వచ్చిందా అని రోజూ అడుగుతున్నారు. ఆ ప్రార్థన నా నోటితో చేసేను నేను! ఇంట్లో మా అమ్మ ఒక్కర్తే ఉంటాది పగలంతా. నువ్వు మా ఇంటికి రావడం, తిని ఎల్లడం... వాళ్లు దాన్నీ దీన్నీ కలిపి మాటాడతన్నారు. నేనేటి సెయ్యను?"

స్కూటరు వెళ్లిపోయింది. వదినామరుదుల ఎకసెక్కాలన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి విజయరత్నానికి. తెల్లగా, పొడుగ్గా, గొంతున్నదాన్ని. వాటిని ఇప్పుడు ఇంకొకరి చెవితో విన్నాడు.

అన్నట్టే మాత్ర మానేశాడు. ఊరు మరిచిపోతే క్లెమెంట్ మరిచిపోతాడని, క్లెమెంట్ మరిచిపోతే కంచం మళ్లీ పడుతుందని ఆశ. ఆదివారం ఆరాధన అయ్యాక ఊరికే ఇటూ అటూ తిరిగేవాడు, ఎవరైనా పిలుస్తారేమోనన్నట్టు. తర్వాత ఆటో ఎక్కేవాడు. గదికొచ్చి అటుకుల్లో పెరుగు కలుపుకునేవాడు. పక్కింట్లో టీవీ నవ్వేది.

చలి ముదిరింది. కుందులి సంత నుంచి వచ్చే కాలీఫ్లవర్ల మీద మంచు గింజకట్టి ఉండేది. చూపుడువేలు కొసన చిన్న పుండు లేచింది. పసుపు పెట్టాడు. పుండు చుట్టూ నలుపు తిరిగింది. గ్లాసు తగిలితే ప్రాణం పోయేంత నొప్పి. అప్పటికి గానీ కోరాపుట్ బస్సెక్కలేదు.

సుభశ్రీ వేలుని వెలుగుకి తిప్పి చూసింది. "మాత్ర ఎప్పుడు మానేశారు?"

చెప్పాడు. ఎందుకు మానేశాడో కూడా, నేల చూస్తూ, సగం సగం చెప్పాడు. ఆవిడకి నవ్వొస్తుందేమోనని చూశాడు. రాలేదు.

"అమ్మా, ఇది వేళ్లకి అని కంపెనీవాళ్ల కాయితం ఒక్కటి ఇప్పించండి. సర్కారు ముద్ర ఉన్నది. నేను వాళ్లకి చూపిస్తాను."

"అలాంటి కాయితం లేదు."

"మీ దగ్గర లేదా?"

"ఎక్కడా లేదు. కంపెనీ ఏ జబ్బు పేరు చెప్పి అనుమతి అడిగితే ఆ జబ్బుకే ముద్ర పడుతుంది. అడగాలంటే మళ్లీ పెద్ద పరీక్షలు చెయ్యాలి, బోలెడు ఖర్చు. మీలాంటివాళ్ల వేళ్ల కోసం అంత ఖర్చు ఎవరూ పెట్టలేదు. చిన్న పరీక్షలు జరిగాయి, చాలామందికి పని చేసింది, అందుకని డాక్టర్లు రాస్తున్నాం."

విజయరత్నం కుర్చీలో వెనక్కి జరిగాడు. "ముద్ర పడకుండానే రాసేరా?"

"ముద్ర పడేవరకూ మీ వేలు ఆగుతుందా?" అంది. అనేసి, తనే మెత్తబడింది. "మీకు అంతా విడమరిచి చెప్పి రాయాల్సింది. బయట క్యూ చూసి సగం చెప్పాను. అది నా తప్పే. కావాలంటే మీ సంఘంవాళ్లతో నేను మాట్లాడతాను, ఫోను నంబరు ఇవ్వండి."

ఒక ఆడపిల్ల, అదీ ఒడియా డాక్టరు, ఫోను చేసి క్లెమెంట్‌కి ఈ మాత్ర గురించి చెప్పడం ఊహించుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఇవాళే మొదలుపెట్టండి. లేకపోతే ఈ కొస తీసెయ్యాల్సి వస్తుంది. భయపెట్టడానికి చెప్పట్లేదు."

మాత్రలు కొన్నాడు గానీ మింగలేదు. తిరుగుబస్సులో సిమిలిగుడ దాకా రాలేదు, ముందే సునాబెడలో దిగిపోయాడు. క్లెమెంట్ డ్యూటీలో, ఫ్లోరా బడిలో ఉండే వేళ. అలా వెళ్లడమే తప్పని తెలుసు. ఇంకెప్పుడు వెళ్లినా ఆవిడతో మాట్లాడలేనని కూడా తెలుసు.

దొర్కా క్వార్టరు ముందు ఎండలో చాప వేసుకుని చిక్కుళ్లు ఈనెలు తీస్తోంది. ఇతన్ని చూసి లేచింది. ముందు ఎదురింటి కిటికీ వైపు చూసింది, తర్వాత ఇతని వైపు. గేటు తియ్యలేదు. ఇతనూ తియ్యమనలేదు. చూపుడువేలు గేటు మీదనుంచి చూపించాడు.

"అయ్యో దేవుడా! ఇదేటి మరిదీ? ఎప్పుణ్నుంచి?"

"మాత్ర మానేసేక."

"ఎందుకు మానేసేవు?"

ఏం చెబుతాడు? కంచం కోసమని ఎలా అంటాడు? "వదినా, అది నిజంగా వేళ్లకే. కాయితం లేదు. డాక్టరమ్మని అడిగేను, ఎక్కడా లేదంట. నా మాటే ఉంది."

"నీ మాట నాకెందుకు? నీ వేళ్లు నేను సూడలేదా? మంచినీళ్ల గ్లాసు పట్టుకుంటేనే పిండి రాసినట్టయిపోయేవి. నేను ఆ రోజే నమ్మేను."

విజయరత్నం మొహం విప్పారింది. "మరి క్లెమెంటుకి సెప్పొచ్చు కదా."

"సెప్పేను. ఆడికీ తెలుసు."

"తెలుసా?"

"తెలుసు. తెలిస్తే ఏటవుద్ది? ఆడి మొహం మీద నవ్వేవాళ్లకి తెలీదు కదా. ఆళ్ల ఇళ్లకెల్లి వేళ్లు సూపిస్తావా?" ఎదురింటి కిటికీలో తెర కదిలింది. దొర్కా గొంతు తగ్గింది. "ఆణ్ని తిట్టుకోకు మరిదీ. ఇది ఆడి క్వార్టరు. నేను ఇక్కడ కూకుని తినేదాన్నే, నీలాగే."

ఫ్యాక్టరీ సైరను మోగింది. ఆవిడ కొంగు సర్దుకుంది.

"ఇటు సూడు. మా ఇంటి అన్నం కోసం వేలు పోగొట్టుకుంటావా? ఆ సేత్తో నువ్వు మా ఇంట్లో కూకుంటే నేను ముద్ద పెట్టలేను, తినలేను. మాత్ర మింగు. రోజూ మింగు. ఇటు మాత్రం రాకు."

"సరే వదినా."

"రాకు మరి."

"సరేనన్నాను కదా."

ఆవిడ చాప చుట్టి, చిక్కుళ్లు కొంగులో వేసుకుని లోపలికి వెళ్లింది. మంచినీళ్లు తెస్తుందేమోనని ఇతను ఇంకాసేపు నిలబడ్డాడు. తలుపు గడియ పడింది. ఆటోస్టాండు దగ్గర టీకొట్టులో నీళ్లడిగి మాత్ర మింగాడు.

పుండు మానడానికి శీతాకాలం మిగతా అంతా పట్టింది. నలుపు పొలుసులా రాలింది, కొస కాస్త గుంటపడింది గానీ వేలు మిగిలింది. గుండీలు పెట్టుకోగలుగుతున్నాడు, తాళం తీయగలుగుతున్నాడు. గౌరీశంకర్ ఇప్పుడు నవ్వడు. నవ్వినా పాతబడిపోయింది. ఆదివారాలు బస్టాండు హోటల్లో తింటాడు. అక్కడ సప్లయరు ఎవరితోనూ మాట్లాడడు, కూరలు మాత్రం వేడిగా ఉంటాయి.

ఆరాధనకి మానలేదు. ఆ సంఘంలో ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గర ఒకరికొకరు చెయ్యి కలిపి వందనాలు చెప్పుకుంటారు. ఎవరితో మాటలున్నా లేకపోయినా అది తప్పించుకోవడం మర్యాద కాదు. ఈస్టరు ముందొచ్చే మట్టలాదివారానికి ఇంకో వారం ఉందనగా, వరసలో క్లెమెంట్ ఎదురయ్యాడు. చెయ్యి చాపాడు.

"వందనాలు సిన్నాన్నా."

"వందనాలు నాయనా."

"సెయ్యి వెచ్చగా ఉందే," అన్నాడు క్లెమెంట్. మంచిమాటగానే అన్నాడు. అన్నాక ఆ వెచ్చదనం ఏ మాత్రదో గుర్తొచ్చినట్టుంది, పక్కవాళ్లని చూసి చెయ్యి వదిలేశాడు. వెనక ఉన్న ఫ్లోరా దూరంనుంచే చేతులు జోడించింది. దొర్కా మెట్ల మీద ఇంకెవరి మనవణ్నో ఎత్తుకుని వాడితో గట్టిగా మాట్లాడుతోంది.

విజయరత్నం చెయ్యి స్వెట్టరు జేబులో పెట్టుకుని ఆటోస్టాండు వైపు నడిచాడు. సిమిలిగుడ ఆటో అప్పుడే నిండుతోంది. డ్రైవరు పక్కన ఒక చోటుంది, ఎక్కాడు.